మూడో జవాబు

సురంగల్
5 జనవరి 2025

తమ్మీ రంజిత్,

లెటర్ చూసి గాబరా పడకు. ఎవ్వలకు ఏం కాలే. ఇది నా హోంవర్క్.

నవ్వకు. పూలతోటల నన్ను సూపర్‌వైజర్ చేసిన్రని ఫోన్ల చెప్పిన కద. కొత్తగ సూపర్‌వైజర్లయిన ఆడోళ్లకు ట్రైనింగ్ అని సిటీ నుంచి వసంత మేడం వచ్చింది. కుర్చీలేసి గుండ్రంగ కూసోబెట్టి, "పొద్దంత మీరెన్ని ప్రశ్నలు అడుగుతరు? అందుల ఎన్నిటికి మనిషి నోరిప్పి జవాబు చెప్తడు?" అన్నది. నేను మనసుల యాది చేసుకున్న. లేస్తనే అక్షయను "తానం చేసినవా, చదివినవా?" మీ బావను "కాలేజీ బస్సుకు డీజిల్ కొట్టిచ్చినవా?" తోటల ఆడోళ్లను "అయ్యిందా, ఇంక కాలేదా?" అన్నిటికి ఆఁ, ఊఁ, లేదు. అంతే తమ్మీ. ముప్పై నాలుగేండ్లు వచ్చినయ్, నేను అడిగేదంత హాజరు పిలుసుడే.

హోంవర్క్ ఏందంటే ఇంటోళ్లల ఒకలకు ఉత్తరం రాయాలె. అందుల ఒక్కటే ప్రశ్న. అవును, కాదు అని తప్పించుకునేది ఉండొద్దు. మా ప్యాకింగ్ షెడ్డుల పనిచేసే నిర్మలమ్మ గూడ ఈ ముచ్చట ఇన్నది. ఆమెకు రాసుడు రాదు కద, మొగన్ని నోటితోనే అడిగిందట, "నన్ను చూస్తే నీకేమనిపిస్తది?" అని. ఆయన తినే కంచం పక్కకు పెట్టి, "ఎన్ని పైసలు కావాలె?" అన్నడట. షెడ్డంత పడి పడి నవ్వినం.

నీకే ఎందుకు రాస్తున్ననంటే, నీతోటి ఫోన్ల మనసిప్పి మాట్లాడుడు కుదరదు. మన రెండర్రల ఇంట్ల ఏ మూలకు పోయి మాట్లాడినా నీ పెండ్లాం ఇంటది. నువ్వు హోసూరు బస్సెక్కిన దినం స్వప్నిక నా ముంగటనే అన్నది కద, "ఆరు నెలలు ఒక్క తాన నిలబడి పనిచేసి చూపించు, అప్పటిదాక నాకు ఫోన్ చెయ్యకు" అని. పట్టుదల మనిషి. నాతో పాటు తోటకు వస్తున్నది, ఇంట్ల నాకంటె ముందే లేస్తున్నది, నీ పేరు మాత్రం ఎత్తదు.

సరె, ప్రశ్న. ఇది నేను నిన్ను తిట్టుకుంట వెయ్యి సార్లు అడిగిన, ఇప్పుడు తిట్టకుండ అడుగుతున్న. మనను కన్న అవ్వ పోయినంక నిన్ను పెంచింది నేనే కద, నాకు తెల్వాలె. తొమ్మిదో తరగతిల ఆ దినం బ్యాగు తెచ్చి గడపల పడేసినప్పుడు నీ మనసుల ఏమున్నది?

జవాబు రాకపోతే మేడం నాకు మార్కులెయ్యదు.

మీ అక్క
సమత

*

హోసూరు
16 జనవరి

అక్కా,

నీకు మార్కులు పడాలె గనుక రాస్తున్న. బడి ఇడిచినంక పెన్ను పట్టింది పెండ్లి రిజిస్టర్ల సంతకానికే. తప్పులుంటే మీ మేడంకు చూపియ్యకు.

ఆ దినం మనసుల ఆకలున్నది. రాసుకో.

ఇక్కడ పని మంచిగున్నది. పాలీహౌస్‌కు పైపులు నిలబెట్టి, మీద ప్లాస్టిక్ షీటు గుంజి, స్ప్రింగులు బిగించుడు. గాలి లేవకముందే గుంజాలె, లేకపోతే షీటు మనిషినే లేపుకపోతది. తెల్లారంగ పైకెక్కితే కిందికి చూడబుద్ధి కాదు. మా మేస్త్రి ధనరాజ్ అన్న నన్ను "తెలంగాణ కోతి" అంటడు. నేనేమనుకోను. కింద ఉంటేనే నాకు కష్టం. తినేటప్పుడు కూసుంటే మోకాలు ఊగుతనే ఉంటది, పక్కోని పళ్లెంల సాంబారు ఒలుకుతది. యాదున్నదా, పెండ్లి పీటల మీద గూడ ఊగింది. స్వప్నిక ఎవ్వలకు కనబడకుండ కొంగు కింద నుంచి చెయ్యి పెట్టి ఆపింది. పంతులు చూసి నవ్విండు. అప్పటి సంది ఎక్కడ కూసున్నా ఆమె చెయ్యి నా మోకాలు మీదికి వస్తది. ఇక్కడ చెయ్యి లేదు, సాంబారు ఒలుకుతున్నది.

డిష్ టీవీలు బిగించే పని ఇడిచిపెట్టిన, ఫంక్షన్ హాల్ లైటింగ్ ఇడిచిపెట్టిన, మోకిల ఊర్ల విల్లాల కాడ డ్రైవర్ పని ఇడిచిపెట్టిన. ఆమె అన్నదాంట్ల తప్పు లేదు. ఇది ఇడిచిపెట్ట. జూన్ల వస్త, చేతిల పని పెట్టుకొని వస్త.

నాది గూడ ఒక ప్రశ్న. స్వప్నిక ఎట్లున్నది? "బాగనే ఉన్నది" అని రాస్తే లెటర్ చింపేస్త. పొద్దుగాల లేచిన కాడ నుంచి ఏమేం చేస్తదో రాయి. నేను ఇక్కడ కండ్లు మూసుకొని చూసుకుంట.

కింద కూసోలేని నీ తమ్ముడు
రంజిత్

*

సురంగల్
26 జనవరి

కోతీ,

ఆకలి అని రాసినవ్ కద, మేడం నాకు సున్న ఏసింది. "జవాబు కాదు, తప్పించుకునుడు" అన్నది. నీ బాకీ అట్లనే ఉన్నది.

నువ్వడిగినట్టే రాస్తున్న. స్వప్నిక కోడి కూయంగనే లేస్తది. వాకిలి ఊడ్చి, మొఖం కడుక్కొని, కొంచెంసేపు ఎనక గోడకు ఒరిగి నిలబడుతది. ఏం చూస్తదో తెల్వది. ఆటోల అంచుకు కూసుంటది, గాలి కావాలంటది. తోటల ఆమెకు ప్యాకింగ్ షెడ్డుల పని. జర్బెరా పూల తలకాయలకు ప్లాస్టిక్ కవర్లు తొడుగుడు. ఎంత నాజూకు చెయ్యో తమ్మీ, ఒక్క రెక్క ఇరగదు. మద్యాన్నం అన్నం సగం నిర్మలమ్మకు పెడ్తది. "ఏందే, డైటింగా?" అంటే నవ్వుతది.

మాపటికి మాత్రం నాకు కోపం తెప్పిస్తున్నది. ఆమె, అక్షయ, ఇద్దరు తలకాయలు కలిపి ఏదో పుస్తకం చూస్తరు. నేను పోంగనే టప్పున మూస్తరు. మార్చిల అక్షయకు పది పరీక్షలు, దీనికేమో అత్తతోటి ముచ్చట్లు. "అత్తను సతాయించకు, పోయి చదువుకో" అన్న. ఇద్దరు మూతులు ముడుచుకున్నరు.

అక్షయ మీద ట్రైనింగ్ పనిచేస్తలేదు. "ఇయ్యాల బడిల నీకు కొత్తగ ఏమనిపించింది బిడ్డా?" అని మెల్లగ అడిగిన. "అమ్మా, ఇది మేడం చెప్పిన ప్రశ్ననా?" అన్నది. ఇంకేం అడుగుత?

షెడ్డుల ఇంకో లొల్లి. మాఘం పెండ్లిండ్లు వస్తున్నయ్, పూలకు గిరాకీ. పాలీహౌస్ లోపల కోసిన పూలు నీళ్ల బకెట్లల పెట్టి షెడ్డు దాక మోయాలె. నడుములు పోతున్నయ్ అందరియి. "సూపర్‌వైజర్ మరదలు నీడకు కూసోని కవర్లు తొడుగుతది, మనం బకెట్లు మోస్తం" అని ఎనక గొణుగుతున్నరు. నా ముంగట ఎవ్వలు అనరు. అందుకే ఇంక మండుతున్నది. మొగోడు సూపర్‌వైజర్ అయితే వాని చుట్టపోళ్ల ముచ్చట ఎవ్వలన్న తీస్తరా?

ఈసారి ప్రశ్న: ఆకలి అయినంక ఏమున్నది?

సమత

*

హోసూరు
4 ఫిబ్రవరి

అక్కా,

ఏం పుస్తకం?

అది రాయకుండ మిగతదంత రాసినవ్. నాకు నిన్నటి సంది తిండి పోతలేదు. స్వప్నిక ఇంటర్ ఫస్ట్ క్లాస్‌ల పాసయింది కద. మాట ముచ్చటప్పుడు వాళ్ల అవ్వ పద్మమ్మ అత్త అన్నది, "పిల్లకు డిగ్రీ చదవాలని ఉన్నది" అని. నేను "చూద్దాం తీయి" అన్న. ఆ ముచ్చట మళ్ల ఆమె ఎత్తలే, నేను ఎత్తలే. ఇప్పుడు దొంగచాటుగ చదువుతున్నది. నేను పోయేదాక ఆగింది కావచ్చు. ఆరు నెలలు ఫోన్ చెయ్యకు అన్నది గూడ అందుకే కావచ్చు. డిగ్రీ చేసినంక తొమ్మిదిల బడి ఇడిచినోన్ని ఏం చేసుకుంటదక్కా? మా ధనరాజ్ అన్నతోటి చెప్తే, "నీ పెండ్లాం ఆఫీసర్ అయితది, నువ్వు ఆమె కారుకు డ్రైవర్ అయితవ్. ఆ పని ఎట్లాగూ ఇడిచిపెడ్తవ్" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. కాని లోపల సూది దిగింది.

నా కోసం ఒక్క పని చెయ్యి. సీదా అడుగు ఆమెను. చదువుకుంటవా, పని చేస్తవా? రెండిట్ల ఒక్కటి చెప్పమను. నీళ్లు నమలనియ్యకు. నేనడగమన్ననని మాత్రం చెప్పకు.

ఇగ ఏం రాయబుద్ధి అయితలేదు.

రంజిత్

*

సురంగల్
12 ఫిబ్రవరి

తమ్మీ,

అడిగిన. ఇగ ఫికర్ బంద్ పెట్టు.

ఇంట్ల అడుగుదామంటే అక్షయ చెవులు ఇంత పొడుగు చేసుకొని ఉంటది. అందుకే షెడ్డుల, పొద్దుగాల పని పంచేటప్పుడు, అందరి ముంగటనే అడిగిన. జర నా లొల్లి గూడ తీరుతదనుకున్న. "స్వప్నికా, చదువుకుంటవా, పని చేస్తవా? ఒక్కటి చెప్పు" అన్న. ఆమె చేతిల పువ్వు అట్లనే పట్టుకొని నన్ను చూసింది. ఎందుకడిగిననో సమజ్ కానట్టు చూసింది. "పని చేస్త వదినె" అన్నది.

"అయితే రేపటి సంది బకెట్ల మీదికి పోతవా?"

చేతిల పువ్వు కింద పెట్టింది. ఆడోళ్లంత ఆమె దిక్కే చూస్తున్నరు. "పోత వదినె."

అంతే. ఒక్కొక్కల నోర్లు మూతపడ్డయ్. మేనేజర్ రాఘవేందర్ సారు గూడ ఇన్నడు. "సమతమ్మా, చుట్టం లేదు పక్కం లేదు, సూపర్‌వైజర్ అంటే నువ్వు" అన్నడు. నిజం చెప్తున్న, ఆ దినమంత నేను నేల మీద నడవలే. ఇన్నేండ్ల సంది ఆ షెడ్డుల ఏ ఆడిదాన్ని గట్ల మెచ్చుకోలే ఆయన.

స్వప్నిక మొండిది, మోస్తున్నది. మధ్య మధ్యల బకెటు దించి నిలబడుతది. "చేతనైతలేదా?" అని దూరం నుంచి అడుగుత. "అయితున్నది వదినె" అంటది. పుస్తకం సుత పక్కకు పెట్టింది, ఇంటికి రాంగనే పంటున్నది. నువ్వు అనవసరంగ బుగులు పెట్టుకున్నవ్.

నాకైతే ఒకటే లోటు. నా మొదటి ప్రశ్నకు ఇంక జవాబు రాలే.

మంచిగ తిను. షీటుతోటి పాటు ఎగిరిపోకు.

అక్క

*

హోసూరు
20 ఫిబ్రవరి

అక్కా,

పుస్తకం పక్కకు పెట్టింది అని చదివి ముందుగాల మస్తు ఖుషీ అయిన. అందరికి చాయ్ తాగిపిచ్చిన. మళ్ల పైకెక్కి కూసున్నంక సిగ్గనిపించింది. నేను చదవకపోతే ఆమెతోటి ఎందుకు మాన్పియ్యాలె? ఆమెకు చెప్పు, డిగ్రీ కట్టమను. ఓపెన్ల ఉంటదట కద, ఇంటి కాడ ఉండి చదివేది. నేనే అన్ననని చెప్పు. బకెట్లు గూడ వద్దక్కా, కవర్ల పనే మంచిగ చేస్తది అన్నవ్ కద, అండ్లనే ఉండనియ్యి.

ఇగ నీ బాకీ తీరుస్త. ఆకలి కాదు.

ఆ దినం ఏం కాలేదక్కా. అదే అసలు సంగతి. సారు కొట్టలే, ఎవ్వలు ఏమనలే. కిటికీ అవుతల ట్రాక్టర్ దున్నుతున్నది. నా మోకాలు ఊగుతున్నది, బెంచీ అంత ఊగుతున్నది, పక్క పోరడు కసిరిండు. రెండు చేతులతోటి కాళ్లు ఒత్తి పట్టుకున్న. ఆగలే. ఎవలో లోపల నుంచి తోసినట్టు లేచి వచ్చేసిన. ఇంటికొచ్చి బ్యాగు పడేసిన. నువ్వు పిండి చేతులతోటి బయటికొచ్చి, "చదువుతవా, చదవవా? ఒక్కటి చెప్పు" అన్నవ్.

నేను "చదవ" అన్న.

నువ్వు రెండే దారులు పెట్టినవ్. నా దగ్గరున్నది మూడో జవాబు. "చదువుతనక్కా, కాని కూసోవుడు చేతనైతలేదు" అని. దానికి నీ ప్రశ్నల జాగ లేకుండె. నాకు గూడ అప్పుడు గంత తెలివి లేకుండె, జాగ లేని కాడ చెప్పాలె అని. నిన్ను అంటలేను. నీకప్పుడు ఇరవై మూడేండ్లు, చంకల అక్షయ, పొయ్యి మీద రొట్టె, పైన తల్లి లేని నేను.

ఇప్పుడన్న మార్కులు పడతయా?

రంజిత్

*

సురంగల్
8 మార్చి

తమ్మీ,

ముందుగాల ఒక మంచి మాట రాద్దామంటే దొరుకుతలేదు. సీదా చెప్తున్న.

స్వప్నికకు కడుపు పోయింది. మూడో నెల నిండొస్తుండె. ఆమె కడుపుతో ఉన్నదని నాకు తెల్వది. నీకు తెల్వది. ఆమె అవ్వకు ఒక్కదానికే తెలుసు.

ఫిబ్రవరి ఆఖర్ల, శివరాత్రికి ముందు. లోపల నుంచి బకెటు తెచ్చి షెడ్డు గడప కాడ దించి, దాని అంచు పట్టుకొని అట్లనే కూసున్నది. నేను బాక్సులు చూసుకుంట దూరం నుంచి ఒర్లిన, "ఏమైంది, చేతనైతలేదా?" అని. "ఏం లేదు వదినె" అన్నది. ఏం లేదు అన్నది గద అని నేను మళ్ల బాక్సుల దిక్కు తిరిగిన. నిర్మలమ్మ చూసింది ఆమె చీర. నేను చూడలే.

సారు కారుల చేవెళ్ల దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ మంచిది. నేను అడిగిన, "బకెట్లు మోసినందుకేనా?" అని. ఆమె, "ఇట్లాంటివి ఎందుకైతయో చాలాసార్లు మేం చెప్పలేమమ్మా. బరువు వల్లనే అననూ, కాదు అని గూడ అనను" అన్నది. అవును అన్నా బాగుండు, కాదు అన్నా బాగుండు. నేను ఇప్పుడు ఈ నడుమనే బతకాలె.

"ఎందుకు చెప్పలేవే?" అని మంచం కాడ ఏడ్చిన. ఆమె ఏడుస్తలేదు. "మూడో నెల నిండకముందు ఎవ్వలకు చెప్పొద్దన్నది అవ్వ. దిష్టి తాకుతదని. నిండినంక ముందు నీకే చెప్దామనుకున్న. ఆయనకు చెప్తే పని ఇడిచిపెట్టి ఉర్కొస్తడు. మళ్ల మొదటికొస్తది. పుట్టేటోనికన్న ఒక్క తాన నిలబడే తండ్రి ఉండాలె కద వదినె" అన్నది. తరువాత, "ఆయనకిప్పుడే చెప్పకు, ఆరు నెలలు కానియ్యి" అన్నది. నేను మాట ఇయ్యలే. ఇచ్చిననేమో అనుకున్నది.

నీ ఉత్తరం దవాఖాన నుంచి వచ్చినంక చదివిన. చదువుతవా, చదవవా. చదువుకుంటవా, పని చేస్తవా. పదకొండేండ్లాయె, నేనేం మారలే తమ్మీ. గడపల నిన్నడిగిన తీరుగనే షెడ్డుల ఆమెను అడిగిన. కడుపుతో ఉన్న అనే మాటకు నేను జాగ పెట్టలే. పైగ ఇరవై మంది ఆడోళ్లను చుట్టు నిలబెట్టి అడిగిన.

ఇయ్యాల మహిళా దినమట. తోటల కేకు కోసిన్రు. సారు నాకు శాలువ కప్పి పూలు చేతికిచ్చిండు. మేం కోసిన పూలే.

పద్మమ్మ అత్త వచ్చి బిడ్డను చేవెళ్లకు తీస్కపోయింది. నన్ను ఒక్క మాట అనలే. అన్నా బాగుండు.

సమత

*

హోసూరు
14 మార్చి

అక్కా,

దవాఖానకు పోయిన దినం ఫోన్ ఎందుకు చెయ్యలే? నీకు చేతులు లేవా? బావకు లేవా? నేను ఇక్కడ పాటలు పెట్టుకొని షీట్లు గుంజుతున్న. శివరాత్రి దినం గుడికి పోయి ఆమెకు డిగ్రీల సీటు రావాలని మొక్కిన. నన్ను చూసి దేవుడు ఏమనుకున్నడో.

నీ మీద మస్తు కోపం రాసుకుందామని కాయితం తీసిన. రాసిన గూడ. "బకెట్ల మీదికి ఎవలు పొమ్మన్నరు, నీ పేరు కోసం నా పెండ్లాన్ని..." అని దాక రాసిన. అక్కడ ఆగిపోయిన. చదువుకుంటవా, పని చేస్తవా అన్న ప్రశ్న నాది. నోరు నీది. నీళ్లు నమలనియ్యకు అన్నది గూడ నేనే.

ఫోన్ చేసిన ఆమెకు. పద్మమ్మ అత్త ఎత్తింది. "బాగనే ఉన్నది" అని పెట్టేసింది.

ఎవ్వలకు చెప్పకుండ బ్యాగు సదురుకొని బస్‌స్టాండ్ దాక పోయిన. హైదరాబాద్ బస్సు నిలబడి ఉన్నది. ఎక్కలే. ఇడిచిపెట్టి ఉర్కొస్తడు అని భయపడే కద ఆమె దాచుకున్నది. ఇప్పుడు ఉర్కొస్తే ఆమె అన్నదే నిజమైతది. ఉర్కిరాకపోతే నేనేం మొగన్ని? వాపస్ వచ్చి పైకెక్కి పనిచేసిన. ధనరాజ్ అన్న, "ఏందిరా కోతీ, ఇయ్యాల కిందికే దిగుతలేవ్?" అన్నడు.

ఒక్కటి చెప్పు. రావాల్నా, వద్దా?

రంజిత్

*

సురంగల్
20 మార్చి

తమ్మీ,

నీకు ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, నువ్వు "ఎట్ల అయ్యింది?" అని అడుగుతవని భయమైంది. అది మంచి ప్రశ్న. దానికి ఆఁ ఊఁ కుదరదు.

రావాల్నా వద్దా అని నన్నడుగుతున్నవ్. నేను చెప్ప. మళ్ల రెండే దారులు పెట్టుకున్నవ్ చూడు. ఇన్ని దినాలు ఆమె మనసుల ఏమున్నదో నన్ను అడిగినవ్. నేను తప్పు అడిగి, నీకు తప్పు రాసిన. ఇగ నన్ను నడుమల పెట్టకు.

రేపటి సంది అక్షయకు పరీక్షలు. అది అన్ని పుస్తకాలు తీస్తది, బయాలజీ ముట్టదు. "ఎందుకు చదువుతలేవే?" అని అననీకి నోరు తెరిచి మూసుకున్న. పక్కకు పోయి కూసొని, "ఆ పుస్తకంల ఏమున్నది బిడ్డా?" అన్న. తీసి ఒక పేజీ చూపిచ్చింది. తల్లి కడుపుల పిల్ల బొమ్మ. నడుమల గుర్తుకు మన తోట పూల కవరు పెట్టి ఉన్నది. నేను పోంగనే టప్పున మూసిన పుస్తకం అదే. అత్త రోజూ అడుగుతుండెనట, "ఇప్పుడు ఎంతుంటది? చేతులొచ్చినయా?" అని. ఇది చదివి చెప్తుండెనట.

"నీకు తెలుసా? మరి నాకెందుకు చెప్పలే?" అన్న.

"నన్ను ఎవరన్న అడిగిర్రా?" అన్నది. "అత్త చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నది. కాని నువ్వు వచ్చి ఏం చూస్తున్నరు అని అడిగితే నేను చెప్తుంటి అమ్మా. నువ్వు చదువుకో అన్నవ్. బకెట్లు మోస్తుందని తెలిసిన దినం నీ దగ్గరికొచ్చిన. 'అమ్మా, ఒక మాట' అన్న. నువ్వు, 'హోంవర్క్ అయ్యిందా?' అన్నవ్."

యాది చేసుకుంటున్న తమ్మీ. నిజంగనే అన్నట్టున్న. అది గూడ యాదికి లేదు సరిగ్గ, గంత అలవాటు.

తోటల ఇప్పుడు పని పంచే ముందు ఒక్కొక్కలను పక్కకు పిలుస్తున్న. "ఇయ్యాల ఏ పని నీతోటి కాదు?" అని మెల్లగ అడుగుతున్న. ముందుగాల ఎవ్వలు చెప్పలే. నిర్మలమ్మ ఒకతి చెప్పింది, ఆమె చూసి ఇంకొకతి. పొద్దున పని లేటుగ మొదలైతున్నది. రాఘవేందర్ సారు, "సమతమ్మా, ఇది తోటనా, దవాఖాననా?" అంటున్నడు. వచ్చే నెల నన్ను సూపర్‌వైజర్‌గ ఉంచుతడో లేదో. ఉంచకపోనీ. నన్ను మెచ్చుకున్న ఆ ఒక్క దినం ఎంత ఖరీదైందో ఆయనకేం తెలుసు.

నిన్న చేవెళ్ల పోయిన. స్వప్నిక చాయ్ ఇచ్చింది. "ఎట్లున్నవ్?" అని అడగలే. అడిగితే బాగనే ఉన్న అనాలె కద ఆమె. చాయ్ తాగి, గిలాస కడిగి పెట్టి వచ్చిన.

అక్క

*

చేవెళ్ల
2 ఏప్రిల్

అక్కా,

సురంగల్‌కు రాకుండ సీదా ఇక్కడికే వచ్చిన, ఏమనుకోకు.

ఇడిచిపెట్టి రాలే. ధనరాజ్ అన్నకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన నవ్వలే ఈసారి. "పది దినాలు పో. నీ జాగల ఎవన్ని పెట్ట" అన్నడు. ఇన్ని పనులు చేసిన గాని చెప్పి వచ్చుడు ఇదే మొదలు.

పద్మమ్మ అత్త గేటు కాడనే అన్నది, "ఈసారి ఏ పని ఇడిచిపెట్టొచ్చినవ్ అల్లుడా?" అని. "ఏం ఇడిచిపెట్టలే అత్తా, చెప్పొచ్చిన" అన్న. నా మొఖం దిక్కు చూసి పక్కకు జరిగింది.

స్వప్నిక ఎనక రేకుల కింద కూసోని మార్కెట్టుకు పోయే క్యారెట్లకు ఆకు కోస్తున్నది. సన్నవడ్డది. నన్ను చూసింది, మళ్ల కత్తి దిక్కు చూసింది. బస్సుల పొద్దంత ప్రశ్నలు సదురుకున్న అక్కా. నొప్పి ఉన్నదా? నా మీద కోపమున్నదా? మళ్ల మన ఇంటికి వస్తవా? అన్ని మీ మేడం సున్న ఏసేటియే. ఏమనిపిస్తున్నది అని అడుగుదామంటే, నాకేమనిపిస్తుందో నాకే తెల్వది. అందుకే ఏం అడగలే. పోయి పక్కన కూసున్న. ఇంకో కత్తి తీసుకొని నేను గూడ ఆకు కోసిన.

కుప్ప సగమైంది. నా మోకాలు మొదలుపెట్టింది. కింద పరిచిన బస్తా అంత ఊగుతున్నది. స్వప్నిక చేతిల కత్తి ఆగింది. నా మోకాలు దిక్కు చూసింది. చెయ్యి వస్తది అనుకున్న.

రాలే.

నా చెయ్యి నేనే పెట్టుకొని ఒత్తి పట్టుకున్న. లేచి పోలే. తొమ్మిదిల లేచి వచ్చిన కద, ఇక్కడ లేవలే. ఎండ రేకుల మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి పక్కింటికి పోయింది. అప్పుడన్నది, కత్తి దిక్కే చూసుకుంట.

"పదో వారానికి కాళ్లొస్తయట. అక్షయ చదివి చెప్పింది. ఊపుతది గూడనట. తల్లికి తెల్వదట, అది మాత్రం ఊపుతదట."

నేను ఇంకో క్యారెట్ చేతిలకు తీసుకున్న.

"వాళ్ల నాయిన తీరుగనే ఉన్నది కావచ్చు అనుకున్న" అన్నది.

అప్పుడు ఏడ్చిందక్కా. దవాఖానల ఏడవలే అన్నవ్ కద. ఇప్పుడు ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. అత్త బయటికొచ్చి చూసి మళ్ల లోపలికి పోయింది. మేం ఒకళ్లనొకళ్లం పట్టుకోలే. క్యారెట్లు నడుమల ఉన్నయ్.

కుప్ప ఒడిసింది. ఆమె లేచి ఆకులు దులుపుకున్నది. తలుపు దాక పోయి, ఎనకకు తిరగకుండనే, "రేపు గూడ కూసుంటవా?" అని అడిగింది.

"కూసుంట" అన్న.

అది అవును, కాదు ప్రశ్ననే అక్కా. మీ మేడంకు చెప్పకు.

రంజిత్